వెచ్చగా ఉన్న డైనమో

నూట నాలుగో దినం

పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిను బద్ధకంగా మూడు చుట్లు తిరిగి ఆగింది. నాలుగోసారికి అందుకుంది. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే పన్నెండు వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ పన్నెండున్నర పైన చూపించాలి. ఇంజిను నడుస్తుండగా పదమూడు. లైట్లు వేస్తే పన్నెండుంబావుకు పడిపోయింది. పద్నాలుగు దాకా రావలసింది.

బెల్టు నున్నగా అరిగి మెరుస్తోంది. డైనమోను గడ్డపారతో వెనక్కి నెట్టి బెల్టు బిగించాను. కాస్త నయం.

బండికి ఏం జరిగినా, ఈ ఏడు దుమ్ము మొదలైన నాటి నుంచి దినాలు లెక్కేసి ఈ పుస్తకంలో రాయాలన్నది మేం తలదాచుకున్న ఈ క్వారీ కట్టుబాటు. రాసేది నేను, కంబగిరి. అరవై ఒకటి దాటాయి. బండ్లకు కరెంటు పని చేస్తూ ముసలివాణ్ణయ్యాను. తలకాయ, అంటే కంప్యూటరు, ఉన్న బండ్లన్నీ, పైన ఉపగ్రహాల నుంచి వచ్చే మాట ఆగిపోయిన పూట, ఎక్కడివక్కడ నిలిచిపోయి తొమ్మిదేళ్ళు. మాది అంతకు ముందటి కాలపు డీజిల్ పికప్. దానికి తలకాయ లేదు కాబట్టి ఆగలేదు. అందరూ దాన్ని మొండి అంటారు. కానుగ నూనె పోసినా నడుస్తుంది.

నూట ఏడో దినం

నీళ్ళ ట్రిప్పు. పద్దెనిమిది కిలోమీటర్ల అవతల చేతిపంపు బోరు ఒక్కటే తియ్యగా ఉంది. మూడు రోజులకోసారి ఎనిమిది పీపాలు తెస్తేనే నలభై ఒక్క మందికి గొంతు తడుస్తుంది. దుమ్ములో పట్టపగలే లైట్లు వేసుకుని పోవాలి. అందుకే ఛార్జింగ్ అంటే మాకు ప్రాణం.

నడిపేది దస్తగిరమ్మ. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. దారి కనపడకపోయినా టైరు కింద రాయి మోతను బట్టి ఎక్కడున్నామో చెప్పగలదు. ఆమె తప్ప ఆ దారిలో బండి తిప్పి తేగలిగినవాళ్ళు మాలో లేరు. రాతిలో తొలిచిన ఆమె గదిని ఆనుకునే బండి నిలుపుతాం. ఆమె భర్త నబీసాబు ఆ గదిలోనే పడుకుని ఉంటాడు. ఇదే క్వారీలో ఇరవై ఏళ్ళు నాపరాళ్ళు కోశాడు. ఊపిరితిత్తులు రాయి అయిపోయాయి.

పోయిన ఏడు ఊపిరి ఆడనివాళ్ళకు బ్యాటరీ మీద నడుస్తూ గుడ్డలోంచి వడకట్టిన గాలి తోసే చిన్న ఫ్యాను మాస్కులు పెట్టేవాళ్ళం. రెండో బ్యాటరీ చచ్చాక క్వారీ పెద్ద ఉరుకుందు సభ పెట్టి వాటిని ఆపించాడు. ఉన్న ఒక్క బ్యాటరీ బండికే అని తీర్మానం. నేనూ చెయ్యెత్తాను. ఆ ఎండాకాలం ముగ్గురు పోయారు. నబీసాబు మాత్రం బతికాడు. గట్టి ప్రాణం అనుకున్నాం.

ఈ రోజు బ్యాటరీ ఆరు గదుల్లో నీళ్ళు, యాసిడ్ చిక్కదనం చూశాను. ఆరూ బాగానే ఉన్నాయి. తప్పు బ్యాటరీది కాదు.

నూట పదో దినం

బండి దారిలో ఆగింది. దస్తగిరమ్మ తిరిగి వస్తుంటే లైట్లు ఎర్రబడి, ఇంకా ఎర్రబడి, గుడ్డి దీపాల్లా అయ్యాయట. గోతిలో ఇంజిను ఆగితే సెల్ఫ్ తిరగలేదు. అద్దాల సందుల్లో తడిగుడ్డలు కుక్కుకుని తొమ్మిది గంటలు క్యాబిన్‌లో కూర్చుంది. దుమ్ము కాస్త పలచబడ్డాక ఆరుగురు తాళ్ళు పట్టుకుని వెళ్ళి, బండిని మిట్ట దాకా లాగి, పల్లంలో తోసి స్టార్ట్ చేయించారు.

"చిన్నాయనా, ఇంగొక్కసారి ఇట్లయితే నేనుండను," అంది దిగుతూనే. చెంపల మీద కన్నీళ్ళు బురదయి ఆరిపోయాయి.

"చేస్తాలే పాపా. పట్టుకుంటా."

"తొందరగా పట్టుకో. ఆయప్ప ఒక్కడే ఉండాడు లోపల."

నూట పన్నెండో దినం

డైనమో దింపాను. కార్బన్ బ్రష్షులు గోరంత మిగిలాయి. షెడ్డులో పడి ఉన్న ట్రాక్టరు డైనమోలోంచి రెండు తీసి, ఆకురాయి మీద అరగదీసి సరిపోయేట్టు చేశాను. ఇంజిను నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్తింగు పట్టీ పచ్చగా చిలుము పట్టి ఉంటే తోమి బిగించాను.

స్టార్ట్ చేస్తే పదమూడు పాయింటు ఎనిమిది. చాలా రోజుల తర్వాత మీటరు చూసి నవ్వాను. ఉరుకుందు వచ్చి భుజం తట్టి పోయాడు.

నూట పదమూడో దినం

పొద్దున పదకొండు పాయింటు ఏడు.

నిన్న సాయంత్రం నిండుగా వదిలిన బ్యాటరీ. ఎవరూ ముట్టుకోలేదు. ఏదో తాగుతోంది. ఎలాగో స్టార్ట్ అయి నీళ్ళ ట్రిప్పు చేసి వచ్చింది; ఈ సాయంత్రం మళ్ళీ నిండిన బ్యాటరీ వైరు విప్పి పక్కన పెట్టాను. తెల్లారి చూస్తే తేలిపోతుంది.

నూట పద్నాలుగో దినం

పన్నెండున్నర. దిగలేదు. అంటే వైరు తగిలించి ఉంటేనే దిగుతోంది. రోజూ విప్పి పెడదామంటే, వైరు తగిలే బ్యాటరీ స్తంభం అరిగి అరిగి రేకు ముక్క చుట్టి నిలబెట్టిన సీసం. ఇంకో పదిసార్లు విప్పితే ఊడి చేతికి వస్తుంది. తాగుతున్నదేదో పట్టుకోవలసిందే.

దస్తగిరమ్మ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. రాత్రంతా నబీసాబుకు ఆయాసమట, ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెల్లవార్లూ వీపు నిమిరిందట. దుమ్ము ఎక్కువైందిలే అన్నాను.

నూట పదిహేనో దినం

మధ్యాహ్నం బ్యాటరీ స్తంభానికీ వైరుకూ మధ్య, ఎంత కరెంటు పోతోందో చూపే ముల్లు మీటరు కలిపాను. ఇంజిను ఆపి ఉన్న బండిలో ముల్లు పడుకుని ఉండాలి. రెండు ఆంపియర్లు దాటి నిలబడింది. ఫ్యూజులు ఒక్కొక్కటే లాగాను. లైట్లవి, హారనుది, లోపలి దీపానిది. ముల్లు కదల్లేదు.

బండి కిందకు దూరాను. సెల్ఫ్ మోటారు బోల్టు కింద ఒక సన్నటి నల్ల వైరు. నేను వేసింది కాదు. ఛాసిస్ వెంట పోయి, నేల మీద నాపరాయి కిందుగా వెళ్ళి, గోడ సందులోంచి దస్తగిరమ్మ గదిలోకి దూరింది. లాగి ఊడదీశాను. పైకి వచ్చి చూస్తే ముల్లు కిందికి దిగి ఉంది.

దొంగ దొరికాడు.

గదిలోకి వెళ్ళాను. నబీసాబు ముఖం మీద గుడ్డతో కుట్టిన మాస్కు. పక్కన నా గుప్పెడంత ఫ్యాను, రెక్కలు ఆగిపోయి. అతను నన్ను చూశాడు కానీ మాట్లాడే ఊపిరి లేదు. దస్తగిరమ్మ రొట్టె తడుతున్న చేతులతోనే లేచి నా ముందు నిలబడింది.

"చిన్నాయనా, ఎవరికీ చెప్పాకు."

"బండి ఆగింది దీనివల్లే. నువ్వే చచ్చిపోయేదానివి."

"దీనివల్ల కాదు. పోయిన ఎండాకాలం తగిలించినా ఇది. అన్నాళ్ళు లేని రోగం ఈ నెల్లోనే యాణ్నించి వస్తాది? నువ్వే చెప్పు. కోడిపిల్ల ఉఫ్‌మన్నంత గాలి. అది మొండిదాన్ని తాగేస్తాదా?"

నాకు కోపం వచ్చింది. "నలభై మంది గొంతులు ఎండబెట్టినావు," అన్నాను.

"నాలుగు దినాలు చూడు. నాలుగే. మళ్ళా దిగితే నా చేత్తో నేనే పీకేస్తా."

నబీసాబు ఆమె చీర కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ఊరుకో అన్నట్టు.

నేను ఊరుకోలేదు. నేరుగా ఉరుకుందు దగ్గరికి వెళ్ళి చెప్పాను. అతను వచ్చి ఫ్యాను, వైరు చుట్టి పట్టుకుపోయాడు. దస్తగిరమ్మను ఒక్క మాటా అనలేదు. బండి నడిపే మనిషిని ఏమంటాడు? ఆమె మళ్ళీ కూర్చుని రొట్టె తట్టడం మొదలుపెట్టింది. ఆ పిండి అప్పటికే ఎండి పగిలిపోయింది.

నూట పదిహేడో దినం

నిన్న పొద్దుటి నుంచి పెనుదుమ్ము. ఎవరి గదుల్లో వాళ్ళం. షెడ్డు దాకా పోవడానికి కూడా వీల్లేదు. తడిగుడ్డలు గంటకోసారి పిండి మళ్ళీ కడుతున్నాను. గుడ్డ పిండిన నీళ్ళు తేరుకున్నాక మళ్ళీ అవే వాడుతున్నాను.

నా గదికి దస్తగిరమ్మ గది నాలుగో గోడ అవతల. రాయి మందం. ఏమీ వినపడదు.

నూట పద్దెనిమిదో దినం

నబీసాబు చనిపోయాడు. దుమ్ములోనే, నిన్న ఎప్పుడో. దస్తగిరమ్మ ఎవరినీ పిలవలేదు. పిలిచినా వచ్చే దారి లేదు. దుమ్ము ఆగాక తలుపు రాయి జరిపితే అతన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నోటికి నోరు పెట్టి ఊదుతూ ఉండిపోయిందని ఆమె పెదవులు చూస్తే తెలిసింది. పగిలి, నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి.

క్వారీ పైన, రాతిపొడి గుట్ట పక్కన పాతిపెట్టాం. స్నానం చేయించడానికి ఒక చెంబు నీళ్ళు ఇచ్చారు. నేనూ మట్టి వేశాను. ఆమె నా వైపు చూడలేదు. చూడకుండా ఉండాలని చూడకపోవడం కూడా కాదు అది. ఆమెకు నేనక్కడ లేను, అంతే.

నూట పంతొమ్మిదో దినం

బండి స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ కొడితే టక్కుమని ఒక్క చప్పుడు. మీటరు పదకొండు కంటే తక్కువ చూపింది.

వైరు లేదు. ఫ్యాను లేదు. మూడు రోజులు బండిని ఎవరూ ముట్టుకోలేదు.

ముల్లు మీటరు మళ్ళీ కలిపాను. ఒకటిన్నర పైన నిలబడింది.

ఈ పుస్తకం తీసి నూట పదిహేనో దినం చదివాను. ముల్లు కిందికి దిగింది అని రాశాను. ఎంతకు దిగిందో రాయలేదు. నలభై ఏళ్ళ పనిలో మీటరు చూసి అంకె వేయని రోజు అదొక్కటే. వైరు దొరికింది, నాకు చాలనిపించింది. ముల్లు సున్నా మీదికి వచ్చిందా అని చూడలేదు. చూసి ఉంటే కొంచెమే దిగిందని, అసలుది ఇంకా తాగుతూనే ఉందని ఆ నిమిషంలోనే తెలిసేది.

బానెట్‌లో చెయ్యి పెట్టాను. ఇంజిను రాయిలా చల్లగా ఉంది. డైనమో మీద అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. మూడు రోజులుగా తిరగని డైనమో, పడుకున్న మేక పొట్టలా గోరువెచ్చగా ఉంది.

దాని లావు వైరు విప్పగానే ముల్లు సున్నా మీద పడుకుంది.

లోపల డయోడ్లు ఉంటాయి. కరెంటును ఒకే వైపు పోనిచ్చే తలుపుల్లాంటివి. డైనమో నుంచి బ్యాటరీకి పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. ఆరింటిలో ఒకటి తలుపు మూయడం మానేసింది. ఇంజిను ఆపినప్పుడల్లా బ్యాటరీ దాంట్లోంచి వెనక్కి కారిపోతోంది. నడిచేటప్పుడు ఛార్జింగ్ తక్కువ రావడంలోనూ దానికి వాటా ఉంది. బ్రష్షులు మార్చిన రోజు ఈ డయోడ్లు బిగించి ఉండే ప్లేటు నా చేతిలోనే ఉంది. తుడిచి మళ్ళీ పెట్టేశాను.

ట్రాక్టరు డైనమో ప్లేటులోంచి మంచి డయోడు కోసి అతికేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత ఇంకో పని చేశాను. ఉరుకుందు దగ్గర నుంచి ఫ్యాను అడిగి తెచ్చి మీటరుకు కలిపి చూశాను.

ఆంపియరులో మూడో వంతు.

నూట ఇరవయ్యో దినం

ఉరుకుందుకు చెప్పాను. అతను నేల చూస్తూ విన్నాడు. అతనేమీ దుర్మార్గుడు కాదు. ఆ ఎండాకాలం పోయిన ముగ్గురిలో అతని తల్లి ఒకతి.

"ఇంగెవరికన్నా చెప్పినావా?"

"లేదు."

"చెప్పాకు కంబగిరన్నా. ఆయమ్మకు అసలే చెప్పాకు. రేపు స్టీరింగు ఇడిసిపెడితే ఎవడు తెస్తాడు నీళ్ళు? పీపాల్లో అడుగు కనపడతాంది. నలభై మందిమి ఉండాం."

"ఆమెకు తెలియాల్సింది గదా."

"తెలిస్తే వాడు లేచి వస్తాడా? నీ గుండె బరువు దిగాలని ఆమె నెత్తిన పెడతావా?"

ఆ మాట నన్ను పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

మధ్యాహ్నం అందరం తాళ్ళు కట్టి బండిని క్వారీ దారి వెంట పైకి లాగాం. ముసలివాళ్ళు, పిల్లలతల్లులు కూడా. ఒక్కో అడుగుకూ చక్రం కింద రాయి పెడుతూ. దస్తగిరమ్మ స్టీరింగు పట్టుకుంది. పెదవులకు వెన్న రాసుకుని గుడ్డ కట్టుకుంది. పైనుంచి వదిలితే దొర్లి, సెకండ్ గేరులో కుదుపుతో అందుకుంది.

పద్నాలుగు పాయింటు ఒకటి.

నూట ఇరవై ఒకటో దినం

పొద్దున పన్నెండు పాయింటు ఆరు. నీళ్ళ ట్రిప్పుకు నేనూ వెళ్ళాను. ఛార్జింగ్ చూసుకోవాలని ఉరుకుందుతో అన్నాను. అతను నా ముఖంలోకి చూసి, వద్దనలేదు.

బోరు దగ్గర ఇద్దరం వంతులేసుకుని పంపు కొట్టాం. ఎనిమిదో పీపా మూత బిగించాక చెప్పాను. మాస్కుల్లోంచి గట్టిగా మాట్లాడాలి. ఆ మాటలు గట్టిగా అరుస్తూ చెప్పవలసి వచ్చింది. డయోడు గురించి, ముల్లు గురించి, అంకె చూడకపోవడం గురించి.

ఆమె పంపు పిడి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఆ ఫ్యాను ఎంత తాగుతాండె?"

"ఆంపియరులో మూడో వంతు."

"అంటే? నాకు తెలిసేట్టు చెప్పు."

"రాత్రంతా తాగింది బండి పావుగంట నడిస్తే నిండుతుంది."

"పావుగంట." అంది. "డైనమో బాగుంటే ఎన్నాళ్ళు నడుస్తాండె అట్ల?"

అబద్ధం చెప్పవచ్చు. పది రోజులు అనవచ్చు, నెల అనవచ్చు.

"బండి ఉన్నన్నాళ్ళూ," అన్నాను.

ఆమె పంపు వదిలి బండి ఎక్కింది. తలుపు వేసుకుంది. స్టార్ట్ చేసి లైట్లు వేసి వెళ్ళిపోయింది.

నేను పరిగెత్తలేదు. వెనక ఎర్ర దీపాలు దుమ్ములో కలిసిపోయేదాకా చూశాను. తర్వాత పంపు గట్టు మీద కూర్చున్నాను. భయం వేయలేదంటే అబద్ధం. మాస్కు గుడ్డ మహా అయితే మూడు గంటలు ఆగుతుంది. నబీసాబుకు ఎన్ని గంటలు పట్టిందో నాకు తెలియదు. అది లెక్కపెట్టబోయి ఆపుకున్నాను.

హారను వినపడింది. ఒక్కసారే, పొడుగ్గా. చాలా దూరంలో. ఇంజిను మోత అక్కడే నిలిచి ఉంది. దగ్గరికి రావడం లేదు. ఆ మోతను పట్టుకుని నడిచాను. రెండుసార్లు పడ్డాను. బండి దారి మధ్యలో ఆగి ఉంది, తలుపు తెరిచి ఉంది.

"ఎక్కు," అంది. ముందుకే చూస్తోంది.

ఎక్కాను.

"నిన్ను ఇడిసే పోయినా. ఇంగ రాకూడదనే పోయినా." గేరు వేసింది. "ఇది మళ్ళా చెడిపోతే చూసేటోడు ఎవరుండారు మనకు? అందుకు ఆపినా. ఇంగ దేనికీ గాదు. ఇంగేమన్నా అనుకునేవు."

అనుకోలేదు.

క్వారీలో దిగాక ఆమె పీపాలు దింపనివ్వలేదు. అందరూ చెంబులు పట్టుకుని ఎదురు చూస్తుంటే, టైరు మీదికి ఎక్కి నిలబడి నన్ను చూపించి, "ఈయప్ప చెప్పేది ఇనండి. అయినాకనే నీళ్ళు," అంది. ఉరుకుందు తల వంచుకున్నాడు. నలభై మంది ముందు మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. ఎవరూ తిట్టలేదు. చెప్పడం అయ్యాక వరుసలో నీళ్ళు పోశారు. నా చెంబులోనూ అందరితో సమానంగా పోశారు. ఒక పెద్దామె నాకు పోస్తున్నప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంది.

నూట ముప్పయ్యో దినం

మూడు ట్రిప్పులు సవ్యంగా జరిగాయి. ప్రతి పొద్దునా పన్నెండు పాయింటు ఆరు.

మొన్న సభలో ఫ్యాను మాస్కులు మళ్ళీ పెట్టాలని నేనే అడిగాను. ఊపిరాడని వాళ్ళు ఇప్పుడు ఇద్దరున్నారు. ఉరుకుందు ముందుగా చెయ్యెత్తాడు. నబీసాబు ఫ్యానును ఒకరికి బిగించాను. బిగిస్తున్నంతసేపూ దస్తగిరమ్మ గడప దగ్గర నిలబడి చూసి, రెక్కలు తిరగగానే వెళ్ళిపోయింది.

నాతో ఆమె బండి మాటలు తప్ప మాట్లాడదు. ఈ రోజు ట్రిప్పు నుంచి రాగానే, "బెల్టు కూస్తాంది," అంది. చూశాను. కొంచెం వదులైంది. బిగించాను. ఇంజిను నడిపించి మీటరు పెట్టి అంకె పైకి చదివాను. ఆపి ముల్లు మీటరు కలిపి, అదీ పైకి చదివాను.

"అయిందా?"

"అయింది."

ఆమె పోలేదు. చేతులు కట్టుకుని బానెట్ పక్కనే నిలబడింది.

"మళ్ళా చూడు," అంది.

మళ్ళీ మొదటి నుంచి చూశాను.